కనబడలేదు

గుణుపురం వంతెన మూడో ఖానా దగ్గర ఒక ఇనపడబ్బా.
అందులో నేను రాసిన ఆరువందల వరుసలు.
కింద వంశధార.

డ్రైవర్ రాస్తానని చెబితే
లాడ్జి కుర్రాడు "ఏ బండికి మేడమ్?" అన్నాడు.
బండి కాదు బాబూ, దుబాసీ పని.
తీగల్లో వోల్టులు గొణిగేది విని
మనిషికి అర్థమయ్యే ముక్క ఒకటి చెప్పడం.
ఒక ఫైలు, అందులో ఒక అంకె. అంతే.
ఆ అంకె దగ్గరే బోల్తాపడ్డాను.

శ్రావణం. మంగళవారం రాత్రి రెండున్నర.
పుట్టసింగి కొండల మీద ఉరుములు,
ఏటి హోరు నా మంచం దాకా వస్తోంది,
ఫైలు తెరిస్తే నిద్రమొహంతో: సున్నా.
మళ్ళీ తెరిచాను. సున్నా.

గొడుగు తిరగబడేలా పరుగెత్తాను.
డబ్బా మీద పచ్చదీపం
పెళ్ళిళ్ళ పేరయ్యలా నవ్వుతూనే ఉంది.
దైతారి సబర అప్పటికే అక్కడున్నాడు,
టార్చి, ఆరిన బీడీ, చంకలో ప్లాస్టిక్ సంచీ.
స్తంభం మీద గీతలు చూసి
ఇరవయ్యారేళ్ళుగా ఏటి ఎత్తు రాసే మనిషి.
నా డబ్బా వచ్చాక ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో
అతనికి ఎవరూ చెప్పలేదు.

"పచ్చగా ఎలుగుతోంది కదమ్మా. అంటే ఏటి?"
"అంటే... కరెంటు ఉందని."
"కరెంటు సంగతి నాకెందుకు? ఏటి సంగతి సెప్పమను."

తీగని పందికొక్కు కొరికేసింది.
కొలత అందని నా కోడ్
ఉత్త చేతుల్తో వెళ్ళడం మర్యాద కాదనుకుని
సున్నా పట్టుకెళ్ళింది.
సున్నా అంటే ఇసుక.
సున్నా అంటే ఎడ్లని తోలుకుని దాటెయ్యొచ్చు.
తెలీదు అనాల్సిన నోటితో
ఏమీ లేదు అన్నాను.

వానలోనే ఆలోచించాను, తడుస్తూ, గట్టిగా, అతనికి వినబడేలా.
లోపానికి మైనస్ ఒకటి పెడితే?
"ఏరు భూమిలోకి దిగిపోనాదా?"
పదిహేడు లోపాలకి పదిహేడు నంబర్లు?
అతను బీడీ పారేశాడు. జవాబు లేదు.
పోనీ, పాత అంకె అలాగే ఉంచేస్తే?
"నిన్నటన్నం ఇయ్యాల్టిదని ఎట్టీకు, పులుపు తెలిసిపోద్ది."

సంచీలోంచి నోట్‌బుక్కు తీశాడు.
ఒడియా అంకెలు, నీలిసిరా, వరసగా చీమలబారు.
అక్కడక్కడ అంకె ఉండాల్సిన చోట మూడు మాటలు:
దేఖి హెలా నాహిఁ.
చూడ్డం కుదర్లేదు.
పక్కనే కారణం. మంచు. బ్యాటరీ అయిపోయింది.
ఒకచోట, చిన్నమ్మాయికి జ్వరం,
వచ్చేసరికి ఆరు, కిందటి లెక్క నాలుగున్నరది.
ఇరవయ్యారేళ్ళలో
ఒక్క సున్నా లేదు. ఈ ఏరు ఎప్పుడూ పూర్తిగా ఎండలేదట.

తెల్లారి, ముఢీ నములుతూ తిరగరాశాను.
అంకె ఒక ఫైలు.
ఆ అంకె వయసు ఇంకో ఫైలు.
చూశానా లేదా, లేకపోతే ఎందుకు లేదు,
అది వేరే, తెలుగులో ఒడియాలో, చదువుకునే మాటల్లో.
పచ్చదీపానికి శిక్ష వేశాను:
ఏటిని కొత్తగా తాకినప్పుడే రెప్ప కొట్టాలి,
ఊరికే నవ్వకూడదు.

విశాఖ నుంచి మా మేనేజరు ఫోను.
"డబ్బులు పోసి కొన్నవాడికి 'తెలీదు' అని చూపిస్తామా అన్నపూర్ణా?"
చూపిద్దాం సార్.
అటు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు.
లైను కట్టయిందా, ఆయనే మాట్లాడలేదా
నా ఫోను చెప్పలేకపోయింది.

ఐదున్నరకి డబ్బా లెక్కకీ దైతారి లెక్కకీ
రెండు అంగుళాలు తేడా.
ఎవరిది తప్పో ఇద్దరం ఒప్పుకోలేదు.
రెండూ రాసుకున్నాం.

అతని ఉద్యోగం మాటేమిటని రాయగడ ఆఫీసులో అడిగాను.
"చూస్తాం" అన్నారు.
లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంకా ఆలోచిస్తున్నాను,
చూస్తాం అన్నదాన్ని
ఏ ఫైల్లో పెట్టాలో.